ఆటకు కూలి ఎంత?

స్త్రీల శ్రమ గురించి మనం చాలా రాసుకున్నాం. నాట్లు వేసే చేతుల గురించి, బీడీలు చుట్టే వేళ్ల గురించి, ఏ లెక్కల్లోకీ రాని ఇంటి చాకిరీ గురించి రాశాం. ఆట గురించి రాయాల్సి వచ్చేసరికి మాత్రం మన భాష మారిపోతుంది. పతకం, పట్టుదల, కన్నీళ్లు, దేశం పేరు. అందులో కూలి మాట రాదు. ఆట కూడా పనేనని, తెల్లవారకముందే లేచి ఒళ్లు అరగదీసుకునే పనేనని, దానికీ ఒక రేటు ఉంటుందని, ఆ రేటును ఎక్కడో ఎవరో కూర్చుని నిర్ణయిస్తారని మనకు గుర్తుండదు. అందుకే ఈ వ్యాసంలో డబ్బు గురించే మాట్లాడదలిచాను. పేరున్న క్రీడాకారులకు డబ్బు ఎక్కడినుంచి వస్తుంది? ఆడవాళ్ల చేతికి అది ఏ పేరుతో వస్తుంది?

నేనుండే చోటు కూడా ఈ ప్రశ్నకు ఒక కారణం. మల్కాజ్‌గిరిలో ఇల్లు, ఉస్మానియా క్యాంపస్‌లో చరిత్ర పాఠాలు, మధ్యలో తార్నాక. చాలా ఏళ్లుగా నాది ఇదే దారి. ఈ దారంతా రైల్వే వాళ్ల లోకం. లాలాగూడ వర్క్‌షాపు, మెట్టుగూడ క్వార్టర్లు, తార్నాకలో 1957లో మొదలైన రైల్వే సిగ్నల్, టెలికమ్యూనికేషన్ శిక్షణ సంస్థ. ఆ సంస్థ బ్యాడ్మింటన్ కోర్టుల్లోనే పి.వి. సింధు మెహబూబ్ అలీ దగ్గర మొదటి పాఠాలు నేర్చుకుంది. తల్లి విజయ, తండ్రి రమణ ఇద్దరూ వాలీబాల్ ఆడినవాళ్లు, రైల్వే ఉద్యోగులు. 2018లో ఫోర్బ్స్ పత్రిక ప్రపంచంలో ఎక్కువ సంపాదించిన క్రీడాకారిణుల జాబితా వేస్తే అందులో సింధు ఏడో స్థానంలో ఉంది. మొదటి పదిమందిలో ఎనిమిదిమంది టెన్నిస్ వాళ్లు. మిగిలిన ఇద్దరిలో ఒకరు అమెరికా కార్ల పందేల డానికా పాట్రిక్, ఇంకొకరు మన సింధు. తార్నాక కోర్టుకూ ఆ జాబితాకూ మధ్య ఏం జరిగిందో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

ఆటతో బతకడం మనకు కొత్త కాదు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లోనే కోడి రామమూర్తి నాయుడు సర్కస్ కంపెనీ పెట్టి, తన కండబలాన్ని టిక్కెట్టు మీద చూపించి పేరూ డబ్బూ గడించాడు. ఉత్తరాదిన హమీదా బాను అనే మల్లయోధురాలు 1954లో మగవాళ్లతో కుస్తీ పట్టి జనాన్ని రప్పించింది. తనను ఓడించినవాణ్ణి పెళ్లి చేసుకుంటానని ఆమె సవాలు చేసినట్టు అప్పటి పత్రికలు రాశాయి. రామమూర్తి టిక్కెట్టుకు బలం ఒక్కటే చాలింది. హమీదా టిక్కెట్టుకు పెళ్లి ఊసు కూడా కలపాల్సి వచ్చింది. ఈ తేడాను కాస్త గుర్తుంచుకుందాం.

స్వతంత్రం వచ్చాక ఆటకు ప్రభుత్వ జీతం తోడైంది. 1950 నుంచి 1954 వరకు వరసగా ఐదేళ్లు రోవర్స్ కప్పు గెలిచిన హైదరాబాద్ సిటీ పోలీస్ ఫుట్‌బాల్ జట్టు పేరులోనే దాని సంపాదన ఉంది. వాళ్లు ఆడేది ఫుట్‌బాల్, తీసుకునేది పోలీసు శాఖ జీతం. ఆ జట్టును తీర్చిదిద్దిన ఎస్.ఎ. రహీం దేశానికే గురువయ్యాడు. అలాంటి జీతం తలుపు ఆడవాళ్లకు తెరుచుకోవడానికి చాలాకాలం పట్టింది. తెరిచినవాటిలో ముఖ్యమైనది రైల్వే. ఎయిరిండియా, ఫుడ్ కార్పొరేషన్, చమురు సంస్థలు కూడా కొంత తెరిచాయి. 2000లో సిడ్నీ నుంచి కాంస్యం తెచ్చిన కరణం మల్లీశ్వరిది ఫుడ్ కార్పొరేషన్ ఉద్యోగం. కోనేరు హంపిది ఓఎన్‌జీసీ. మిథాలీ రాజ్ ఎయిరిండియాకు ఆడి, తర్వాత రైల్వేకు వచ్చింది.

ఈ ఉద్యోగాన్ని మనం చిన్నచూపు చూడకూడదు. పెళ్లి ఎప్పుడని అడిగే ఇంట్లో, నెలనెలా జీతం తెచ్చే కూతురు ఇంకో రెండేళ్లు ఆడతానంటే ఆ మాటకు బరువుంటుంది. మన స్త్రీల క్రీడా చరిత్రలో ఈ నెలజీతమే మొదటి స్వేచ్ఛ అని నా అభిప్రాయం.

అయితే ఆ జీతం ఉద్యోగానికి, ఆటకు కాదు. ఆట ఖరీదు ఎంతో మిథాలీ కథలో చూడండి. సికింద్రాబాద్‌లో చదువుకున్న ఈ అమ్మాయి 2002లో, పందొమ్మిదేళ్ల వయసులో, ఇంగ్లండ్‌లోని టాంటన్‌లో 214 పరుగులు చేసి టెస్టుల్లో ప్రపంచ రికార్డు సృష్టించింది. 2005 ప్రపంచకప్‌లో ఆమె నాయకత్వంలో జట్టు ఫైనల్‌కు చేరింది. అప్పట్లో మ్యాచ్‌కు వెయ్యి రూపాయలు ఇచ్చారని ఆమె తర్వాత ఒక ఇంటర్వ్యూలో చెప్పింది. 2006లో మహిళా క్రికెట్ బీసీసీఐ కిందికి వచ్చింది. ఏడాది కాంట్రాక్టులు 2015లో మొదలైతే అత్యధికం 15 లక్షలు. 2018లో అది 50 లక్షలైంది. అదే ఏడాది మగవాళ్లలో పై తరగతికి 7 కోట్లు. 2022 అక్టోబరులో మ్యాచ్ ఫీజు ఇద్దరికీ సమానం చేశారు. టెస్టుకు 15 లక్షలు, వన్డేకు 6 లక్షలు, టీ20కి 3 లక్షలు. మిథాలీ ఆ జూన్‌లోనే రిటైరైంది. 2023లో మహిళల ప్రీమియర్ లీగ్ మొదలయ్యేనాటికి ఆమె మైదానం బయట ఉంది. ఇరవైమూడేళ్లు దారి వేసిన మనిషికి ఆ దారిలో నడిచే రోజు రాలేదు.

మ్యాచ్ ఫీజు సమానమైంది కదా, ఇంకేం కావాలని అడిగేవాళ్లున్నారు. అసలు డబ్బు మ్యాచ్ ఫీజులో లేదు. క్రికెట్‌లో డబ్బంతా ప్రసార హక్కుల్లో పుడుతుంది. ఐపీఎల్ 2023 నుంచి 2027 వరకు హక్కులు 48,390 కోట్లకు అమ్ముడయ్యాయి. మహిళల లీగ్ ఐదేళ్ల హక్కులు 951 కోట్లకు. మ్యాచ్‌ల సంఖ్య తక్కువన్నది నిజమే. కానీ మ్యాచ్ లెక్కన చూసినా ఒకటికి పదిహేను రెట్లకు పైగా తేడా ఉంది. 2023లో ఆటగాళ్లను కొనడానికి ఒక్కో మగ జట్టుకు 95 కోట్లు, ఆడ జట్టుకు 12 కోట్లు. స్మృతి మంధాన 3.4 కోట్లకు అమ్ముడైనప్పుడు మనమంతా సంతోషించాం. 2025 సీజన్ వేలంలో రిషభ్ పంత్ ధర 27 కోట్లు. ఇంకా లోతుకు వెళ్తే, 2018 ప్రాంతంలో బీసీసీఐ తన ఆదాయంలో 26 శాతం ఆటగాళ్లకు పంచేది. అందులో 13 శాతం అంతర్జాతీయ మగ ఆటగాళ్లకు, 10.6 శాతం దేశవాళీ మగ ఆటగాళ్లకు. మిగిలిన రెండున్నర శాతం లోపు భాగంలో ఆడవాళ్లనూ పిల్లల జట్లనూ కలిపి సర్దారు. పెద్దవాళ్లు తిన్నాక ఆడవాళ్లకూ పిల్లలకూ గిన్నె అడుగున మిగిలేది ఎంతో మనకు తెలియనిదా?

టెన్నిస్ సంగతి వేరు. అక్కడ మార్పు కొట్లాడితే వచ్చింది. 1970లో అమెరికాలో ఒక టోర్నమెంటు మగ విజేతకు 12,500 డాలర్లు, ఆడ విజేతకు 1,500 డాలర్లు అని ప్రకటిస్తే బిల్లీ జీన్ కింగ్‌తో సహా తొమ్మిదిమంది దాన్ని కాదని బయటికి వచ్చారు. గ్లాడిస్ హెల్డ్‌మన్ దగ్గర తలా ఒక్క డాలరు కాంట్రాక్టు మీద సంతకం చేసి హూస్టన్‌లో సొంత టోర్నమెంటు ఆడారు. 1973లో యూఎస్ ఓపెన్ బహుమానం సమానం చేసింది. వింబుల్డన్ అందుకు ఒప్పుకునేసరికి 2007 వచ్చింది. సానియా మీర్జా పుట్టింది 1986లో. 2005 ఫిబ్రవరిలో హైదరాబాద్ ఓపెన్ గెలిచి, 2015లో డబుల్స్‌లో ప్రపంచ నంబర్ వన్ అయి, 2023లో ఆట మానేసేనాటికి ఆమె బహుమతుల సంపాదనే 70 లక్షల డాలర్లు దాటింది. ఆమె పుట్టకముందే ఎవరో తొమ్మిదిమంది చేసిన సంతకాల ఫలం అందులో ఉంది. సానియా ప్రతిభను తగ్గించడానికి ఈ మాట అనడం లేదు. అంతటి ప్రతిభే మిథాలీకీ ఉంది. ఆమె ఆటలో ఆ సంతకాలు జరగలేదు.

ఇక సింధు దగ్గరికి వద్దాం. 2018లో ఆమె ఆదాయం 85 లక్షల డాలర్లని ఫోర్బ్స్ అంచనా. అందులో ఆడి గెలిచింది 5 లక్షలు. తక్కిన 80 లక్షలు ప్రకటనల నుంచి. 2022లో 71 లక్షల డాలర్లయితే కోర్టు మీద వచ్చింది ఒక్క లక్ష. ఆ 2018 జాబితాలో మొదటి స్థానంలో ఉన్న సెరీనా విలియమ్స్ కూడా ప్రసవం తర్వాతి ఆ ఏడాది ఆడి సంపాదించింది 62 వేల డాలర్లే, ప్రకటనల మీద 1 కోటి 80 లక్షలు. 2019లో బాసెల్‌లో సింధు ఒకుహారాను 21-7, 21-7తో ఓడించి ప్రపంచ విజేత అయింది. ఆ పోటీకి నగదు బహుమతి లేదు. ఒలింపిక్ కమిటీ కూడా పతకానికి డబ్బు ఇవ్వదు. ఆ ఫిబ్రవరిలో లీ నింగ్ కంపెనీతో నాలుగేళ్లకు దాదాపు 50 కోట్ల ఒప్పందం కుదిరిందని వార్తలొచ్చాయి. అంటే గెలుపు పెట్టుబడి, రాబడి బొమ్మ మీద.

బొమ్మ మీద వచ్చే డబ్బుకు షరతులుంటాయి. ఆ బొమ్మ చక్కని కూతురిలా నవ్వాలి, ఎవరినీ నొప్పించకూడదు. 2005లో సానియా స్కర్టు పొట్టిగా ఉందని ఒక మతపెద్ద అభ్యంతరం చెప్పాడు. 2011లో ప్రపంచ బ్యాడ్మింటన్ సమాఖ్య, ఆట ఆకర్షణ పెరగాలంటే ఆడవాళ్లు స్కర్టులే వేసుకోవాలని నియమం తెచ్చింది. వ్యతిరేకత వచ్చాక 2012లో మానుకుంది. ఒకరు కప్పుకోమన్నారు, ఇంకొకరు చూపించమన్నారు. ఇద్దరూ మాట్లాడింది ఆమె ఒంటి గురించే. హమీదా బాను టిక్కెట్టుకు తగిలించిన పెళ్లి ఊసు రూపం మార్చుకుని ఇంకా వెంట వస్తోంది.

మన రెండు రాష్ట్రాల్లో ఇంకో డబ్బు ఉంది. అది ముఖ్యమంత్రుల చేతుల మీదుగా వస్తుంది. రియో పతకం తర్వాత తెలంగాణ 5 కోట్లు, ఆంధ్రప్రదేశ్ 3 కోట్లు సింధుకు ప్రకటించాయి. 2017లో ఆంధ్రప్రదేశ్ డిప్యూటీ కలెక్టరు ఉద్యోగమిచ్చింది. 2022లో బాక్సర్ నిఖత్ జరీన్‌కు తెలంగాణ 2 కోట్లు ఇచ్చింది. 2024లో వరంగల్ జిల్లా కల్లెడ అమ్మాయి జీవాంజి దీప్తి పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం గెలిస్తే కోటి రూపాయలు, 500 గజాల స్థలం, గ్రూప్-2 ఉద్యోగం. 2025 నవంబరులో ప్రపంచకప్ గెలిచిన జట్టులోని కడప అమ్మాయి శ్రీచరణికి రెండున్నర కోట్లు, ఇంటి స్థలం, గ్రూప్-1 ఉద్యోగం. ఒక్కోసారి శాలువా కప్పుతూ ‘మన ఆడబిడ్డ’ అంటారు. ఆ మాటలోనే అసలు విషయం ఉంది. ఇది సారె. పుట్టింటివారు సంతోషించి పెట్టేది. ఎంత పెట్టాలో, ఎప్పుడు పెట్టాలో పెట్టేవాళ్ల ఇష్టం. గెలిచి ఇంటికొచ్చిన కూతురికే పెడతారు.

గెలవని కూతుళ్ల సంగతి? నా క్లాసులో ఒక అమ్మాయి ఉండేది. 800 మీటర్లు యూనివర్సిటీ తరఫున పరుగెత్తేది. హాస్టల్ మెస్సు తిండితోనే పరుగెత్తేది. 2002 జాతీయ క్రీడల కోసం మన క్యాంపస్‌లో సైకిల్ పందేలకు వెలోడ్రోమ్ కట్టారు కానీ ఆమెకు రోజుకో రెండు గుడ్లు ఇచ్చే ఏర్పాటు ఏదీ లేకపోయింది. స్పోర్ట్స్ కోటా ఉద్యోగం అందలేదు. ఇప్పుడు ఒక ప్రైవేటు బడిలో ఆటల టీచరు. ఏడాదికి పది నెలల జీతం. ‘మేడమ్, సింధుకు ఎన్ని కోట్లో మా బడిలో పిల్లలందరికీ తెలుసు. నా జీతం ఎంతో మా ఇంట్లో చెప్పడానికే నాకు సిగ్గు’ అంది ఒకసారి.

ఆ కోట్ల వెనక లెక్కకు రాని శ్రమ మరొకటి ఉంది. రియోకు ముందు రమణ గారు ఎనిమిది నెలలు సెలవు పెట్టి సింధు వెంట ఉన్నారు. ఆ సెలవు ఇచ్చిన సంస్థ ఒకటుంది. మిథాలీ ప్రాక్టీసు నుంచి వచ్చే వేళకు ఇంట్లో ఉండాలని ఆమె తల్లి లీలా రాజ్ గారు ఉద్యోగమే మానేశారు. తండ్రికి సెలవు, తల్లికి రాజీనామా. రెండు వేరు వేరు ఇళ్లే. అయినా ఈ అమరిక మనకు కొత్తగా అనిపించదు.

1986లో ఆంధ్రప్రదేశ్ హిందూ వారసత్వ చట్టాన్ని సవరించి, 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించేలా, ఉమ్మడి ఆస్తిలో కూతురికి వాటా ఇచ్చింది. దేశమంతటా ఆ హక్కు రావడానికి 2005 దాకా ఆగాల్సి వచ్చింది. చట్టం వచ్చాక కూడా ఎన్ని ఇళ్లలో కూతురికి చీరా పసుపు కుంకుమా పెట్టి పంపి, వాటా మాట ఎత్తితే ముఖం చిట్లించారో మనకు తెలుసు. ఆటలోనూ ఇప్పుడు జరుగుతున్నది అదే. జీతం వచ్చింది. కొన్ని ఆటల్లో బహుమానం సమానమైంది. 2025 మహిళల ప్రపంచకప్ విజేతకు ఐసీసీ ఇచ్చిన 44.8 లక్షల డాలర్లు 2023లో మగ విజేతకు ఇచ్చిన 40 లక్షలకన్నా ఎక్కువే. సారె ఘనంగా పెడుతున్నారు. ప్రసార హక్కుల ఆదాయంలో ఎంత శాతం ఎవరిదన్న పద్దు దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఇంకా పాత ఇంటి పద్ధతే నడుస్తోంది.

సారె వద్దని నేను అనను. కల్లెడ కూలి ఇంటికి కోటి రూపాయలు, ఒక ఉద్యోగం అంటే ఏమిటో తెలియనిదాన్ని కాను. కానీ ఈసారి మన అమ్మాయి ఎవరైనా గెలిచి, పత్రికలో ఎన్ని కోట్లో అచ్చయినప్పుడు, ఆ అంకె జీతమా, బహుమానమా, బొమ్మ ఖరీదా, సారెనా అని విడదీసి చూద్దాం. ఆ ఆట మొత్తం మీద ఎంత వచ్చిందో, అందులో ఆమె వాటా ఎంతో అడుగుదాం. ఆటల టీచరుకు ఆ రెండు నెలల జీతం ఏదని కూడా అదే గొంతుతో అడుగుదాం.