అడిస్ అబాబాలో విశాలమైన నిర్వచనం

1951 జెనీవా ఒప్పందం ప్రకారం శరణార్థి అనిపించుకోవాలంటే జాతి, మతం, జాతీయత, సామాజిక వర్గం, రాజకీయ అభిప్రాయం, ఈ అయిదింటిలో ఏదో ఒకదాని వల్ల తనను వేధిస్తారన్న భయం ఉండాలి. అదీ ఆ ఏడాది జనవరి 1కి ముందు జరిగిన సంఘటనల వల్ల కలిగినదై ఉండాలి. రెండో ప్రపంచ యుద్ధంలో చెల్లాచెదురైన యూరప్ జనం కోసం రాసుకున్న నిర్వచనం అది.

ఆఫ్రికా కష్టం వేరు. 1954లో మొదలైన స్వాతంత్ర్య యుద్ధం అల్జీరియా పల్లెల్ని ట్యునీషియా, మొరాకోలకు తరిమింది. 1959 తర్వాత రువాండా టుట్సీలు ఇరుగుపొరుగు దేశాల బాట పట్టారు. ఆపైన అంగోలా, మొజాంబిక్‌లలో పోర్చుగల్‌తో పోరు. తుపాకుల మధ్య నుంచి బిడ్డను చంకనెత్తుకుని పరుగెత్తిన తల్లి, తనను ఎవరు ఎందుకు వేధించారో ఏ కాగితం చూపించి నిరూపించగలదు?

ఆఫ్రికా ఐక్యతా సంస్థ 1964లోనే సొంత ఒప్పందానికి ముసాయిదా మొదలుపెట్టింది. 1967 ప్రోటోకాల్ పాత ఒప్పందంలోని తేదీ గడువును ఎత్తేసినా, అసలు కొరత తీరలేదు. 1969 సెప్టెంబర్ 10న అడిస్ అబాబాలో ఆమోదించిన ఒప్పందం తొలి పేరాలో జెనీవా నిర్వచనాన్ని అలాగే ఉంచి, రెండో పేరాలో కొత్త కారణాలు చేర్చింది: బయటి దురాక్రమణ, ఆక్రమణ, పరాయి పాలన, శాంతిభద్రతల్ని తీవ్రంగా దెబ్బతీసే సంఘటనలు. అవి దేశమంతటా జరగనక్కర్లేదు, ఒక భాగంలో జరిగినా చాలు. ఈ చిన్న వెసులుబాటు నాకు అన్నిటికన్నా గొప్పగా కనిపిస్తుంది. రాజధాని ప్రశాంతంగా ఉందన్న సాకుతో సరిహద్దు జిల్లా మనిషిని వెనక్కి పంపే వీలు లేదు.

అయితే ఇదంతా కరుణ ఒక్కటే కాదు. పొరుగు దేశాలకు ఒకరి మీద ఒకరికి అనుమానాలుండేవి. అందుకే ఆశ్రయమివ్వడాన్ని శత్రు చర్యగా చూడకూడదని రాశారు. శరణార్థుల్ని సరిహద్దుకు దూరంగా ఉంచాలనీ, వాళ్లు అక్కడి నుంచి కుట్రలు నడపకూడదనీ కూడా రాశారు.

1974లో ఒప్పందం అమల్లోకి వచ్చింది. పదేళ్లకు లాటిన్ అమెరికా దేశాల కార్టజీనా ప్రకటన ఇదే దారి పట్టింది. దక్షిణాఫ్రికా 1998 శరణార్థుల చట్టంలో ఆ రెండో పేరా దాదాపు యథాతథంగా కనిపిస్తుంది. 2023లో సూడాన్ యుద్ధం మొదలయ్యాక డార్ఫర్ నుంచి చాద్‌లోని ఆద్రే చేరిన కుటుంబాలను, ఈ విశాల నిర్వచనం వల్ల ఒక్కొక్కరినీ విడిగా విచారించకుండానే శరణార్థులుగా గుర్తించడానికి వీలైంది.

ఆసియా, ఆఫ్రికా దేశాల న్యాయ సంప్రదింపుల సంస్థ 2001లో న్యూఢిల్లీలో తన శరణార్థి సూత్రాలను సవరించినప్పుడు ఈ నిర్వచనాన్నీ చేర్చుకుంది. కానీ ఆ సూత్రాలు ఏ ప్రభుత్వాన్నీ కట్టడి చేయవు. టిబెటన్లకూ శ్రీలంక తమిళులకూ చోటిచ్చిన మన దేశానికి నేటికీ శరణార్థుల చట్టం లేదు. అది రాసుకోవాలి. రాసే ముందు ఆ రెండో పేరా చదవాలి.