రోటావైరస్ ప్రోటీన్లు: రూపం నుండి ధర్మం దాకా – ఒక చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం:
1973లో మెల్‌బోర్న్‌లోని రాయల్ చిల్డ్రన్స్ హాస్పిటల్‌లో రూత్ బిషప్ బృందం అతిసారంతో బాధపడుతున్న పసిపిల్లల చిన్నపేగు కణజాలాన్ని ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో పరిశీలించి, ఒక కొత్త వైరస్‌ను గుర్తించింది. దాని ఆకారం చక్రాన్ని పోలి ఉండటంతో, లాటిన్‌లో చక్రమని అర్థమిచ్చే 'రోటా' పదం ఆధారంగా థామస్ ఫ్లూయెట్ దానికి రోటావైరస్ అన్న పేరును ప్రతిపాదించారు. ఆ పేరు వైరస్ రూపాన్ని చెప్పింది గాని, అది బిడ్డ ప్రాణం మీదికి ఎలా తెస్తుందో చెప్పలేదు. అందుకు సమాధానం ప్రోటీన్ల అధ్యయనంలో లభించింది. ఆ పరిణామక్రమాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

నిర్మాణ ప్రోటీన్లు:
రోటావైరస్ జన్యుపదార్థం రెండు పోగులు గల 11 ఆర్‌ఎన్‌ఏ ఖండాలు. దానిచుట్టూ మూడు పొరలుంటాయి. లోపలి పొర వీపీ2తో, నడిమి పొర వీపీ6తో, వెలుపలి పొర వీపీ7తో ఏర్పడతాయి. వెలుపలి పొర నుండి ముళ్లవలె పొడుచుకు వచ్చేది వీపీ4. పేగులోని ట్రిప్సిన్ అనే ఎంజైము వీపీ4ను రెండుగా ఛేదించినప్పుడే వైరస్‌కు కణంలోకి చొరబడే శక్తి పూర్తిగా వస్తుంది. ఆహారాన్ని జీర్ణం చేసే ఎంజైమే వ్యాధికి దారి తెరవడం ఇక్కడి వైచిత్రి. మానవ రోటావైరస్‌ను ప్రయోగశాలలో పెంచడానికి కూడా ఈ ట్రిప్సినే తోడ్పడింది.

నిర్మాణేతర ప్రోటీన్లు:
వైరస్ పేగు కణాలను నాశనం చేయడం వల్లనే విరేచనాలు కలుగుతాయన్న భావన చాలాకాలం ప్రబలంగా ఉండేది. 1996లో మేరీ ఎస్టెస్ బృందం ఎన్‌ఎస్‌పీ4 అనే ప్రోటీన్ ఒక్కటే ఎలుక పిల్లల్లో విరేచనాలు కలిగించగలదని నిరూపించింది. అది కణంలో కాల్షియం స్థాయిని పెంచి, క్లోరైడ్ స్రావానికి కారణమవుతుంది. ఒక వైరస్ ప్రోటీన్ పేగు విషంగా పనిచేస్తుందని తెలియడం అదే మొదటిసారి.

టీకాల చరిత్ర:
కోతి వైరస్‌లో మానవ వైరస్‌ల వీపీ7 జన్యువులను చేర్చి రూపొందించిన రోటాషీల్డ్ టీకాకు 1998లో అమెరికా అనుమతి లభించింది. పేగులో ఒక భాగం మరో భాగంలోకి చొచ్చుకుపోయే ప్రమాదం కొందరు శిశువులలో బయటపడటంతో 1999లో దానిని ఉపసంహరించారు.

భారతీయ టీకా మార్గం వేరు. 1980లలో ఢిల్లీ ఎయిమ్స్‌లో మహరాజ్ కిషన్ భాన్ బృందం వ్యాధి లక్షణాలు లేని నవజాత శిశువుల నుండి 116ఈ అనే వైరస్‌ను సేకరించింది. దాని వీపీ4 జన్యువు పశువుల రోటావైరస్‌కు చెందినదని, మిగిలిన జన్యువులు ప్రధానంగా మానవ వైరస్‌వని తర్వాతి పరిశోధనలు తేల్చాయి. అంటే ప్రయోగశాలలో చేసిన కలయికను ఇక్కడ ప్రకృతే చేసిపెట్టింది. హైదరాబాదులోని భారత్ బయోటెక్ దీనిని రోటావాక్‌గా అభివృద్ధి చేసింది. 6,799 మంది శిశువులపై జరిగిన మూడవ దశ పరీక్షలో, తీవ్ర వ్యాధిని అది తొలి ఏడాదిలో సుమారు 56 శాతం నివారించినట్లు తేలింది. 2016లో సార్వత్రిక టీకా కార్యక్రమంలో రోటావైరస్ టీకాను తొలుత ప్రవేశపెట్టిన నాలుగు రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్ ఒకటి.

ముగింపు:
రోటావైరస్ చరిత్రలో రూపాన్ని చూడటం తొలిమెట్టు మాత్రమే. ఒక్కొక్క ప్రోటీన్ ధర్మం తెలిసేకొద్దీ వ్యాధి స్వరూపమే మారి కనిపించింది. అయితే 116ఈ చరిత్ర మరొక విషయాన్నీ స్పష్టం చేస్తున్నది. జబ్బుపడిన బిడ్డలలో వైరస్‌ను వెతకడం ఎంత అవసరమో, వైరస్ సోకినా జబ్బుపడని బిడ్డలను గమనించడమూ అంతే అవసరం.