సున్నా తర్వాత వచ్చిన పన్ను

2024 ఏప్రిల్ మొదటి వారం. కూకట్‌పల్లి అపార్టుమెంటులో రాత్రి పది దాటింది. ల్యాప్‌టాప్‌లో డాలస్ అకౌంటెంటు. ఇవతల ఒక అమ్మాయి, పక్కన బ్యాంకులో చేసి రిటైరైన ఆమె తండ్రి.

తల్లికి పక్షవాతం వస్తే, అమెరికా పౌరసత్వం ఉన్న ఆ అమ్మాయి ఉద్యోగం వదిలి వచ్చేసింది. అక్కడి కంపెనీలకే ఇంట్లో కూర్చుని సొంతంగా డిజైన్ పని చేస్తోంది. 2023లో ఖర్చులు పోను 60,000 డాలర్లు మిగిలాయి.

"ఇన్‌కమ్ ట్యాక్స్ సున్నా అండీ. విదేశంలో సంపాదించినదానికి 1,20,000 డాలర్ల దాకా మినహాయింపు ఉంది."

తండ్రి మొహం విప్పారింది.

"కానీ 8,478 డాలర్లు కట్టాలి."

ఏడు లక్షల రూపాయల పైమాటే!

"సున్నా అన్నారుగా?"

"ఇది సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంట్ ట్యాక్స్. సోషల్ సెక్యూరిటీకి 12.4 శాతం, మెడికేర్‌కు 2.9. ఉద్యోగంలో సగం కంపెనీ కట్టేది. ఇప్పుడు రెండు సగాలూ మీవే. ఆ మినహాయింపు దీనికి లేదు."

"రేపు నేను ఇక్కడ ఆస్పత్రిలో పడితే మెడికేర్ ఇస్తుందా?"

"మామూలుగా అమెరికా దాటితే ఇవ్వదండీ."

"ఇండియాలో కట్టిన పన్ను ఇందులో తగ్గించుకోవచ్చుగా బాబూ?" అన్నాడు తండ్రి.

"ఆ క్రెడిట్ ఇన్‌కమ్ ట్యాక్స్‌కే అంకుల్."

"లండన్‌లో మా ఫ్రెండ్‌దీ ఇదే పని. తను కట్టట్లేదు!"

"బ్రిటన్‌తో ఒప్పందం ఉందండీ. అక్కడ నేషనల్ ఇన్సూరెన్స్ కడుతున్నట్టు సర్టిఫికెట్ తెస్తే అమెరికాకు కట్టక్కర్లేదు. ఇండియాతో లేదు."

అసలు చిక్కంతా ఆ లేని ఒప్పందంలోనే ఉంది. అమెరికా 1978లో ఇటలీతో మొదలుపెట్టి చాలా దేశాలతో కుదుర్చుకున్న ఏర్పాటు ఇది. భారత్ ఏళ్ల తరబడి అడుగుతోంది. హెచ్1బీ వీసా మీద వెళ్లిన మనవాళ్ల జీతంలోనూ ఈ కోత పడుతుంది. అక్కడి సోషల్ సెక్యూరిటీ పింఛనుకు 40 క్రెడిట్లు, అంటే కనీసం పదేళ్ల పని కావాలి. ఆలోపు తిరిగొస్తే కట్టిందంతా అక్కడే. మన ఊళ్లలో ఎన్ని ఇళ్ల కష్టార్జితమో అది! ఆమె కట్టింది రేపటి పింఛను లెక్కలో చేరుతుంది. అయినా తల్లి కోసం ఇంటికొచ్చిన మనిషికి ఇంత బరువు అన్యాయం. రెండు ప్రభుత్వాలూ ఈ ఒప్పందం తేల్చాలి.

అప్పటిదాకా, అమెరికా పౌరసత్వంతో ఇక్కడ సొంత పని చేసుకునేవారు ఈ పన్ను లెక్కగట్టే షెడ్యూల్ ఎస్‌ఈ ఫారం మరవకండి. ఏడాదికి 400 డాలర్ల నికరాదాయం వచ్చినా ఈ పన్ను ఉంటుంది. విదేశంలో ఉన్నవారికి రిటర్నుకు జూన్ 15 దాకా గడువుంది గానీ, బాకీ మీద వడ్డీ ఏప్రిల్ 15 దాటగానే మొదలవుతుంది.