రక్షక కవాటము

ఎసరు మరగునపుడు కుండమీది మూత తనంతట తాను లేచి, ఆవిరిని విడిచి, మరల క్రిందికి వ్రాలుట మనము నిత్యము చూచునదే. ఆ మూతను బిగించి కట్టినచో కుండ నిలుచునా? నేడు పల్లెటూళ్ళలో సైతము నీటిని కాచు గీజరులు వెలసినవి. వానికి అమర్చిన చిన్న కవాటమునుండి నీరు కారుట చూచి కొందఱు దానికి బిరడా బిగింప జూతురు. అది యెంతటి ముప్పో చరిత్ర చెప్పగలదు.

డెనిస్ పాపిన్ అను ఫ్రెంచి పండితుడు 1679లో లండనునందలి రాయల్ సొసైటీవారికి బిగుతైన మూతగల పాత్ర నొకదానిని చూపెను. అందు ఆవిరి యొత్తిడిచే గట్టి యెముకలు సైతము మెత్తబడెను. నేటి ప్రెషరు కుక్కరునకు అదియే ఆదిరూపము. పాత్ర పగులకుండుటకై పాపిన్ మూతలోని రంధ్రముపై ఒక బిళ్ళను, దానిని అదిమిపట్టుటకు ఒక మీటను, మీట కొనయందు బరువును అమర్చెను. ఆవిరి బలము మించినపుడు బిళ్ళ లేచును, తగ్గినపుడు కూర్చుండును. కవాటముయొక్క ధర్మమంతయు ఇంతియే.

పిదప ఆవిరి యంత్రములు ప్రబలెను. 1803లో లండను చెంత గ్రీనిచ్‌లో రిచర్డ్ ట్రెవితిక్ నిర్మించిన యంత్రమును కనిపెట్టియుండవలసిన కుఱ్ఱవాడు కవాటమును కదలకుండ బిగించి, చేపలు పట్టబోయెను. బాయిలరు ప్రేలి నలుగురు మరణించిరి. అటుపై ట్రెవితిక్ ఒక్క కవాటమును నమ్మక రెండేసి కవాటముల నమర్ప నిశ్చయించెను. 1831లో అమెరికాలోని దక్షిణ కరొలైనాయందు ఒక రైలుయంత్రపు కవాటము చేయు బుసబుస ధ్వనిని సహింపలేక, నిప్పు వేయు పనివాడు దానిని అదిమిపట్టెనని చెప్పుదురు. బాయిలరు బ్రద్దలై అతడు ప్రాణములు గోల్పోయెను. ఈ రెండు చోట్లను కవాటము తన పని తాను చేయుటకు మనుష్యుడే అడ్డుపడెను.

మన యింటి గీజరునకును ఇదియే న్యాయము. నూఱు లీటర్ల నీరు 20 డిగ్రీలనుండి 60 డిగ్రీలవఱకు కాగినచో ఇంచుమించు ఒకటిన్నర లీటరు పెరుగును. ఆ పెరిగిన నీరు గొట్టములోనికి వెనుకకు పోజాలనిచో కవాటముగుండ బయటపడును. కావున కాగునపుడు మాత్రమే కొద్దిగా చుక్కలు రాలినచో భయము లేదు. చల్లగా నున్నపుడును ఎడతెగక కారినచో, బోరునీటి సున్నము బిళ్ళక్రింద చేరియుండవచ్చును. లేదా పైనుండి వచ్చు నీటి యొత్తిడి హెచ్చియుండవచ్చును. పనివానిని పిలిచి శుభ్రపఱపించుటయో, క్రొత్త కవాటము వేయించుటయో తగును. సలసల కాగు నీరు గాని ఆవిరి గాని వెలువడినచో, వేడిమిని అదుపుచేయు థర్మోస్టాటు చెడియుండును. తక్షణమే విద్యుత్తును ఆపి దూరముగా నుండవలెను. ఏలయనిన, మూసిన పాత్రలో నూఱు డిగ్రీలు దాటిన నీరు, పాత్ర పగిలిన క్షణముననే కొంతపాలు ఆవిరిగా మాఱును. ఆవిరియైన నీరు తన పరిమాణమునకు పదునాఱువందల రెట్లకు మించి వ్యాపించును.

ఏ స్థితియందైనను కవాటమునకు బిరడా బిగింపరాదు. దాని గొట్టపు నోటిని మూయరాదు. కారుటకు హేతువును వెదకి మాన్పుటయే గృహస్థునకు క్షేమము.