చిల్లు పడ్డా చెల్లిన డాలరు

మన భాషలో చిల్లిగవ్వ అంటే దేనికీ పనికిరానిదని అర్థం. ఆస్ట్రేలియాలో మాత్రం ఒక వెండి నాణేనికి చిల్లు పడ్డాకే విలువ పెరిగింది! దాని పేరు హోలీ డాలర్. (మన రంగుల పండుగతో ఏ సంబంధమూ లేదు, హోల్ అంటే చిల్లు కాబట్టి ఆ పేరు.) మెక్వారీ బ్యాంకు గుర్తులో కనిపించేది ఈ నాణెమే.

టంకసాల నుంచి బయటికొచ్చిన నాణెం మీద తర్వాత మరొకరు వేసే ముద్రని ఇంగ్లీషులో కౌంటర్‌స్టాంప్ అంటారు. మనం 'మలిముద్ర' అనుకుందాం. సిడ్నీలో పగలంతా సాఫ్ట్‌వేర్ రాసుకునే నాకు, ఇలాంటి నాణేలు సేకరించడం కొన్నేళ్ళుగా వారాంతపు వ్యాపకం. ఆసక్తి ఉన్నవారికి పనికొస్తుందని నాకు తెలిసిన నాలుగు సంగతులు ఇక్కడ రాస్తున్నాను.

మద్రాసు నుంచి వచ్చిన డబ్బు

1812లో న్యూ సౌత్ వేల్స్ కాలనీలో చిల్లర నాణేలకి మహా కరువు. రమ్ము సారాయే డబ్బులా చేతులు మారేది. వచ్చిన నాణేలేమో సరుకులమ్మిన ఓడల్లోనే తిరిగి వెళ్ళిపోయేవి. ఆ ఏడాది నవంబరు 26న సమరాంగ్ అనే ఓడ 40,000 స్పానిష్ డాలర్లతో సిడ్నీ చేరింది. ఎక్కడి నుంచో తెలుసా? మద్రాసు నుంచి! అప్పటికి సర్కారు జిల్లాలు, రాయలసీమ ఆ ప్రెసిడెన్సీలోనే ఉండేవి. అంటే ఆస్ట్రేలియా తొలి సొంత నాణేలకి వెండి వచ్చింది మన ఇరుగు నుంచే.

గవర్నర్ లాక్లన్ మెక్వారీ ఈ నాణేలు దేశం దాటకుండా ఒక ఉపాయం ఆలోచించాడు. ప్రతి డాలరు నడిమి భాగాన్నీ కత్తిరించి తీయించాడు. చుట్టూ మిగిలిన వలయం 5 షిల్లింగులు, మధ్య బిళ్ళ 15 పెన్నీలు. ఆ బిళ్ళ పేరు డంపు. దాదాపు 4 షిల్లింగుల 9 పెన్నీలకి దొరికిన డాలరు, రెండు ముక్కలయ్యాక 6 షిల్లింగుల 3 పెన్నీలకి చెల్లింది. బయట ఎవరూ అంత ఇవ్వరు కాబట్టి నాణేలు కాలనీలోనే ఉండిపోయాయి.

ఈ పని అప్పగించింది విలియం హెన్షాల్‌కి. అతను దొంగనాణేలు చేసిన నేరానికి ఇంగ్లండు నుంచి ఇక్కడికి పంపబడ్డ ఖైదీ! వలయం మీద ఒక వైపు కాలనీ పేరు, 1813. రెండో వైపు విలువ, చిన్న ఆకుల రెమ్మ, అందులో తన పేరులోని మొదటి అక్షరం హెచ్. మొత్తం 39,910 జతలు తయారై 1814లో చలామణీలోకి వచ్చాయి. 1822 నుంచి వెనక్కి తీసుకోవడం మొదలై, 1829కల్లా చెల్లుబాటు ముగిసింది. చాలావరకు కరిగించేశారు. ఇప్పటికి మిగిలిన హోలీ డాలర్లు సుమారు 300.

మనవాళ్ళు ముందే చేశారు

నాసిక్ దగ్గర జోగల్‌తెంబిలో 1906లో 13,000 పైచిలుకు వెండి నాణేలు దొరికాయి. అవి క్షాత్రప రాజు నహపాణుడివి. అందులో 9,000కి పైగా నాణేల మీద గౌతమీపుత్ర శాతకర్ణి ముద్రలున్నాయి: ఒక వైపు మూడు వంపుల కొండ, మరో వైపు ఉజ్జయినీ చిహ్నం. ఓడిన రాజు నాణేన్ని కరిగించకుండా, ఇకపై ఇది నా మాట మీద చెల్లుతుందని చెప్పడమన్నమాట. మెక్వారీ చేసింది కూడా అదే కదా!

రాజులే కాదు, వర్తకులూ వేశారు. వెండి నాణ్యత చూసిన షరాబులు మన రూపాయల మీద చిన్న చిన్న గుర్తులు కొట్టేవారు. చైనా వర్తకులు స్పానిష్ డాలర్ల మీద కొట్టిన వాటిని చాప్‌మార్కులంటారు.

కొనేవారికి

హోలీ డాలర్ ధర లక్షల డాలర్లలో ఉంటుంది, కాబట్టి దాన్ని మ్యూజియంలో చూడడమే మేలు. కాన్‌బెరాలోని నేషనల్ మ్యూజియం సేకరణలో ఉంది. ప్రదర్శనలో పెట్టారో లేదో ముందు కనుక్కుని వెళ్ళండి. చాప్‌మార్కులు, షరాబు గుర్తులు ఉన్నవి మాత్రం అందుబాటులోనే ఉంటాయి. మచ్చలేని నాణెం కోరేవాళ్ళు వీటికి తక్కువ ధర కడతారు మరి.

1. అడుగు నాణెం తేదీ చూడండి. 1812 తర్వాతి స్పానిష్ డాలరు మీద హెన్షాల్ ముద్ర ఉంటే అది నకిలీయే.
2. గట్టిగా కొట్టిన ముద్రకి సరిగ్గా వెనకవైపు సాధారణంగా కాస్త చదునవుతుంది.
3. నాణెం కొత్తగా ఉండి ముద్ర మాత్రమే అరిగిపోయి ఉంటే అనుమానించండి.
4. చింతపండు పెట్టి తోమకండి. అది ఇత్తడి బిందె కాదు! తోమితే గుర్తుల అంచులు పోతాయి, విలువా పోతుంది.
5. ఇప్పటి ఆస్ట్రేలియా నాణేల మీద మీరే ముద్రలు వేసే ప్రయోగం చేయకండి. అనుమతి లేకుండా చలామణీ నాణేన్ని చెక్కడం, పాడుచేయడం 1981 చట్టం ప్రకారం నేరం.

చివరగా, ఇండియా ప్రయాణం పెట్టుకున్నవారు తప్పక గుర్తుంచుకోవలసిన మాట. నూరేళ్ళు దాటిన నాణెం 1972 నాటి పురావస్తువుల చట్టం కిందికి వస్తుంది. వ్యక్తులు దాన్ని దేశం దాటించకూడదు, అది మన తాతగారిదే అయినా సరే. విక్టోరియా రూపాయలన్నీ ఈ లెక్కలోకే వస్తాయి. కాబట్టి సూట్‌కేసులో పెట్టుకోకండి. రెండు వైపులా మంచి ఫోటోలు తీసుకోండి, అది ఇంట్లోకి ఎలా వచ్చిందో పెద్దవాళ్ళని అడిగి రాసి పెట్టండి. నాణెం మీద గీతలా కనిపించేది ఒకప్పుడు ఏ షరాబో "ఇది మంచి వెండే" అని ఇచ్చిన హామీ అయ్యుండవచ్చు. దాన్ని చెరపకుండా అక్కడే, ఇంట్లోవాళ్ళ చేతిలో భద్రంగా ఉంచి రండి.