చెరువు స్నానం తరువాత వచ్చే దురద: గుర్తింపు, చికిత్స

ఈశాన్య ఋతుపవనాల వానలకు కోయంబత్తూరు, మధుర జిల్లాల చెరువులు నిండుతాయి. అటుపిమ్మట మాట్టుప్పొంగలు నాడు పశువులను కడిగేదీ, పిల్లలు ఈదేదీ ఆ నీటిలోనే. ఆ సాయంత్రం పిల్లల కాళ్లమీద ఎర్రని పొక్కులు లేచి విపరీతంగా దురద పెడితే, అమ్మవారనో గజ్జి అనో పెద్దలు కలవరపడతారు. అది ఈతగాళ్ల దురద కావచ్చు. వైద్యులు దీనిని సెర్కేరియల్ డెర్మటైటిస్ అంటారు. ఇది అంటువ్యాధి కాదు.

కారణం

పశువుల, నీటిపక్షుల రక్తనాళాలలో ఒక జాతి సూక్ష్మమైన పురుగులు నివసిస్తాయి. వాటి గుడ్లు పేడతోను, రెట్టతోను, కొన్ని జాతులలో పశువుల ముక్కు చీమిడితోను నీటిలో చేరుతాయి. గుడ్డునుండి వెలువడిన పిల్లపురుగు నత్తలో పెరిగి, కంటికి కనిపించని మరో రూపంలో తిరిగి నీటిలోకి వస్తుంది. అది పశువునో పక్షినో వెదకుతూ మనిషి చర్మంలో దూరుతుంది. అక్కడ బ్రతకలేక చనిపోతుంది. దానిపై శరీరం చూపే ప్రతిచర్యే ఈ దురద. వరిమడిలో నాట్లు వేసేవారికీ ఇది రావచ్చు.

గుర్తించే విధానం

నీటినుండి బయటికి వచ్చిన కొన్ని నిమిషాలకే చురుకు పుట్టవచ్చు. సాధారణంగా 12 గంటలలోపు చిన్న ఎర్రని పొక్కులు లేస్తాయి. నీటిలో తడిసిన భాగాలలోనే, ముఖ్యంగా కాళ్లమీద, ఇవి కనిపిస్తాయి. ఇదివరకు ఒకసారి వచ్చినవారికి మరుసారి త్వరగా, తీవ్రంగా వస్తుంది.

గజ్జి అయితే వేళ్ల సందులలో, మణికట్టుల వద్ద రాత్రివేళ అధికంగా దురద పెట్టి, ఇంట్లో ఇతరులకూ సోకుతుంది. అమ్మవారు పోసినపుడు జ్వరంతోపాటు నీటిపొక్కులు ముఖానికీ, వీపుకూ, పొట్టకూ వ్యాపిస్తాయి. తామర వలయాకారంగా పెరుగుతుంది.

చికిత్స

ఎక్కువమందికి వారం రోజులలో దానంతట అదే తగ్గిపోతుంది. చల్లని తడిగుడ్డ వేయడం, కాలమిన్ ద్రావణం పూయడం, వంటసోడాను నీటితో ముద్దచేసి రాయడం ఉపశమనాన్నిస్తాయి. నిద్ర పట్టనంత దురద ఉంటే సెట్రిజిన్ వంటి మాత్రను వైద్యుని సలహాతో వాడాలి. నులిపురుగుల మందు అవసరం లేదు. కిరోసిన్, సున్నం పూయరాదు. స్టీరాయిడ్ లేపనాలను అంగడిలో అడిగి తెచ్చి వాడరాదు. అసలు జబ్బు తామర అయితే అవి దానిని ముదరబెడతాయి. పిల్లల గోళ్లు కత్తిరించాలి. గోకిన పుండులో చీము పట్టడమే ఇందులోని అసలు ప్రమాదం.

వైద్యుని చూడవలసిన సందర్భాలు

చీము, జ్వరం, వాపు, వ్యాపించే ఎరుపు ఉన్నా, వారం దాటినా తగ్గకున్నా ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లాలి. పెదవులు ఉబ్బి ఊపిరి ఆడకపోతే ఆలస్యం చేయక 108కి ఫోన్ చేయాలి.

నివారణ

ఎండవేళ ఒడ్డునుండే వెచ్చని నీటిలో, నత్తలు, నాచు ఉన్నచోట దిగరాదు. అలాగని పిల్లలను లోతుకు పంపరాదు. బయటికి రాగానే తువ్వాలుతో గట్టిగా తుడుచుకోవాలి. ఒంటిమీద నీరు దానంతట ఆరిపోనీయరాదు. పిదప మంచినీటితో స్నానం చేయాలి. పశువులను కడిగే రేవు, పిల్లలు ఈదే రేవు వేరుగా ఉండడం మేలు.

ఈ పొక్కులున్న బిడ్డను వేరుగా కూర్చోబెట్టనక్కరలేదు, బడి మాన్పించనక్కరలేదు.