మూతి మూసి ఒత్తి చూడు

రియాద్‌లో టైర్లకు అతుకులు వేసే కొట్టును 'బన్షర్' అంటారు. అరబ్బీలో 'ప' లేదు. పంక్చర్ అన్న ఇంగ్లిషు మాట మన నోట్లో 'పంచరు' అయినట్టే అక్కడివాళ్ల నోట్లో బన్షర్ అయింది. సైకిల్‌ని 'సీకల్' అంటారు. గాలిని మాత్రం 'హవా' అంటారు, ఆ మాట ఉర్దూ మీదుగా హైదరాబాద్‌కు ఎప్పుడో వచ్చి మనదైపోయింది. కరీంనగర్ నుంచో నిజామాబాద్ నుంచో కొత్తగా దిగిన మనిషికి అరబ్బీ ముక్క రాకపోయినా, టైరు వైపు చెయ్యి చూపించి 'హవా' అంటే చాలు, పని జరిగిపోతుంది.

ఈ మాటలు నేను రియాద్‌లోని బతా పేటలో నేర్చుకున్నాను. అరబ్బీలో ఆ పేరుకు అర్థం వాననీళ్లు పారే గులకరాళ్ల వాగు. పాత రియాద్ కోటగోడలకు తూర్పున నిజంగానే అలాంటి వాగు ఉండేది. దాని దారినే తర్వాత పెద్ద వీధి పడింది. తర్వాత సౌదీ రాజైన అబ్దుల్ అజీజ్ 1902లో పట్టుకున్న మస్మక్ కోట అక్కడికి నడిచిపోయేంత దూరం. 2024 డిసెంబరులో మొదలైన మెట్రోలో మొదటి లైను పేరే ఒలయా–బతా. శుక్రవారం సాయంత్రం ఆ వీధుల్లో మలయాళం, బెంగాలీ, ఉర్దూ, తగలోగ్‌తో పాటు తెలుగు కూడా వినిపిస్తుంది. ఇంటికి డబ్బు పంపేవాళ్లు, కార్గోలో సామాను వేసేవాళ్లు, ఊరివాళ్లను కలవడానికి మాత్రమే వచ్చేవాళ్లు అక్కడ కలుస్తారు. అలా వచ్చే కూలిమనిషి కొనే వస్తువుల్లో ఒకటి సైకిల్‌కు గాలి కొట్టే నిలువు పంపు. ఏ పంపు మంచిదని నన్ను అడిగినవాళ్లకు నోటిమాటగా చెబుతూ వచ్చాను. చెప్పినకొద్దీ ఒక సంగతి తెలిసింది. ఆ పంపు పుట్టిన తీరు తెలియకుండా దాన్ని ఎంచుకోలేం.

గాలిని ఒకవైపే పోనిచ్చి వెనక్కి రానివ్వకపోవడం, పంపు కిటుకంతా ఇంతే. మన ఊళ్లలో కమ్మరి కొలిమితిత్తికి ఈ కిటుకు ఎన్నడో తెలుసు. తిత్తి పైకి లేచినప్పుడు తోలురెక్క తెరుచుకుని గాలి లోపలికి వస్తుంది, అణిచినప్పుడు అది మూసుకుని గాలి నిప్పుల్లోకి పోతుంది. గొట్టంలో దట్టా (పిస్టన్) కదిలే పంపు వేరే దారిన వచ్చింది. అల్ జజరీ అనే యంత్రశిల్పి 1206లో పూర్తిచేసిన గ్రంథంలో నీళ్లు తోడే జంట గొట్టాల పంపును బొమ్మ వేసి చూపించాడు. ఒక దట్టా నెడుతుంటే ఇంకొకటి లాగుతుంది. 17వ శతాబ్దం నడుమ జర్మనీలో ఓటో ఫాన్ గెరికె అదే దట్టాతో గాలిని బయటికి లాగి శూన్యం చేసి చూపించాడు. టైరులోకి గాలి నెట్టే పంపు దీనికి తిరగవేసిన రూపం.

టైరు లేనిదే పంపుతో పనిలేదు కదా. స్కాట్లండువాడు రాబర్ట్ విలియం థామ్సన్ 1845లోనే గాలి చక్రానికి పేటెంటు తీసుకున్నాడు. అప్పటికి సైకిల్ ఇంకా వాడుకలోకి రాలేదు, ఆయన ఉద్దేశమంతా గుర్రపుబండ్లకు. దాంతో జనం మరిచిపోయారు. సుమారు 40 ఏళ్ల తర్వాత బెల్‌ఫాస్టులో పశువుల డాక్టరు జాన్ బాయిడ్ డన్‌లప్ తన కొడుకు మూడుచక్రాల బండి కోసం పల్చని రబ్బరు గొట్టం చుట్టి, అందులో గాలి నింపి చూశాడు. 1888లో పేటెంటు వచ్చింది. 1889 మేలో విలీ హ్యూమ్ ఆ టైర్లతో బెల్‌ఫాస్టులో పందేలు గెలిచేసరికి గట్టి రబ్బరు టైర్ల కాలం అయిపోయింది. థామ్సన్ పాత పేటెంటు బయటపడి డన్‌లప్ పేటెంటు చెల్లకుండా పోయింది కానీ, గాలి టైరు మాత్రం ప్రపంచమంతా పాకింది.

ఆ తొలి టైరు చక్రానికి అంటించేసి ఉండేది. పంచరైతే తియ్యడం పెద్ద తతంగం. 1891లో మిషెలిన్ సోదరులు విప్పి తొడిగే టైరు తెచ్చారు. ఆ ఏడాదే పారిస్–బ్రెస్ట్–పారిస్ పందెంలో షార్ల్ టెరాం దానితోనే గెలిచాడు. టైరు విప్పడం తేలికయ్యాక దారిలోనే పంచరు వేసుకుని మళ్లీ గాలి కొట్టుకోవచ్చు. పంపు ప్రతి ఇంటి వస్తువు కావడానికి అసలు కారణం ఈ విప్పుడు టైరే అని నా నమ్మకం.

వాల్వు కథ ఇంకా ముఖ్యం, ఎందుకంటే బతాలో ఈనాటికీ పంపు కొనేవాణ్ని తికమక పెట్టేది అదే. 1890లలో మూడు రకాల వాల్వులు కొన్నేళ్ల తేడాతో పుట్టాయి. ఉడ్స్ వాల్వులో సన్నని ఇత్తడి ముక్కుకు పక్కన చిల్లు, దానిమీద బిగుతుగా తొడిగిన చిన్న రబ్బరు గొట్టం. మన సైకిల్ షాపుల్లో 'వాల్వు ట్యూబు' అని ముక్కలుగా కోసి ఇచ్చేది దాన్నే. అమెరికాలో ష్రేడర్ కంపెనీ స్ప్రింగు వాల్వు చేసింది, తర్వాత కార్లన్నీ దాన్నే తీసుకున్నాయి. ఫ్రాన్సులో వచ్చిన సన్నని వాల్వును ప్రెస్టా అంటారు, పందెం సైకిళ్లు దానికి అలవాటుపడ్డాయి. ఈ మూడు ఒకటిగా కలవలేదు. నూటముప్పై ఏళ్లు గడిచినా పంపు మూతి మూడింటికీ సరిపడేలా ఉందా అని చూసుకోవాల్సిన పరిస్థితి అందుకే.

మన దేశంలో ఉడ్స్ గెలిచింది. మద్రాసు అంబత్తూరులో 1949లో టి.ఐ. సైకిల్స్ మొదలైంది, హెర్క్యులెస్ బండ్లు అక్కడి నుంచే వచ్చాయి. తర్వాత లూధియానాలో హీరో 1956లో పుట్టింది. బరువైన నల్లబండి, వెనక క్యారేజి, ఉడ్స్ వాల్వు, ఇంతే మన సైకిల్. తెలంగాణ ఊళ్లలో అద్దె సైకిళ్ల కొట్టును 'సైకిల్ టాక్సీ' అనేవాళ్లు. దాని ముందు ఎప్పుడూ ఒక ఇనుప పంపు నిలబడి ఉండేది. రెండు పాదాలూ ఆనించి తొక్కిపట్టే ఇనుప పట్టీ, కొయ్య పిడి, నూలు అల్లిన రబ్బరు గొట్టం. మా ఊళ్లో గాలి కొట్టిస్తే పైసలు, నీ అంతట నువ్వు కొట్టుకుంటే ఊరికే. పదేళ్ల పిల్లగాడి బరువు పిడిని కిందికి దించడానికి చాలదు. కడుపు పిడికి ఆనించి ఎగిరి వేలాడేవాళ్లం.

ఆ కొట్టు తాత దగ్గరే నేను పంపు సంగతి నేర్చుకున్నాను. "బిడ్డా, పంపు కొనేటప్పుడు మూతి మూసి ఒత్తి చూడు" అనేవాడు. గొట్టం మూతిని బొటనవేలితో గట్టిగా మూసి పిడిని కిందికి నొక్కాలి. మంచి పంపైతే కొంతదూరం దిగి ఆగుతుంది, వదలగానే స్ప్రింగులా పైకి లేస్తుంది. అలా కాకుండా మెల్లగా జారి అడుగుకు పోయిందంటే లోపలి వాషరు గాలిని ఆపడం లేదన్నమాట. ఇంకొక పరీక్ష టైరుకు తగిలించాక చెయ్యాలి. కొట్టడం ఆపి చెయ్యి తీస్తే పిడి తనంతట తానే పైకి లేస్తోందంటే అడుగునున్న గోళీవాల్వు చెడింది, గొట్టంలో గాలి పంపులోకి వెనక్కి వస్తోంది.

ఆ వాషరు గురించి నాలుగు మాటలు చెప్పకపోతే ఈ వ్యాసానికి అర్థం లేదు. పాత పంపుల్లో అది తోలు. చిన్న గిన్నెలా, అంచు కిందికి తిరిగి ఉంటుంది. పిడి కిందికి దిగేటప్పుడు ఒత్తిడికి ఆ అంచు విచ్చుకుని గొట్టం గోడకు అతుక్కుంటుంది, గాలి పైకి తప్పించుకోలేదు. పిడి పైకి లేచేటప్పుడు అంచు ముడుచుకుని పక్కనుంచి కొత్తగాలిని కిందికి వదులుతుంది. అంటే ఆ తోలు ముక్కే దట్టా, అదే తలుపు. కొలిమితిత్తి తోలురెక్క గుండ్రంగా మారి ఇనుప గొట్టంలోకి దిగిందనుకోవచ్చు. ఒత్తిడి పెరిగేకొద్దీ ఇంకా గట్టిగా బిగుస్తుంది, అరిగితే కొంతవరకు తానే విచ్చుకుని సరిచేసుకుంటుంది. దానికి కావలసింది కాస్త నూనె. ఇటలీలో 1917లో పుట్టిన సిల్కా కంపెనీ ఖరీదైన నిలువు పంపుల్లో తోలు వాషరే వాడుతూ వచ్చింది. అంత ధర పెట్టేవాడూ మా సైకిల్ టాక్సీ తాతా ఒకే తోలు ముక్కను నమ్మారంటే నాకు ఎంతో సంతోషం.

సౌదీలో సైకిల్ దారి వేరు. రియాద్ ఉన్న నజ్ద్ ప్రాంతంలో అది కొత్తగా వచ్చినప్పుడు 'ఇబ్లీస్ గుర్రం' అని పిలిచారు, అంటే సైతాను గుర్రం. దాన్ని తొక్కడానికి అనుమతి కాగితం కావలసిన రోజులున్నాయి. (మన మునిసిపాలిటీలు కూడా సైకిల్‌కు బిళ్ల ఇచ్చి పన్ను వసూలు చేశాయి, కానీ అది పాపపుణ్యాల సంగతి కాదు.) 1970లలో చమురు ధర పెరిగాక రియాద్ కార్ల కోసమే కట్టిన నగరమైంది. సైకిల్ పిల్లల ఆటవస్తువుగా, పరాయిదేశపు కూలీల బండిగా మిగిలింది. హైఫా అల్ మన్సూర్ 2012లో తీసిన 'వజ్దా' సినిమాలో రియాద్ పిల్ల ఒకతె ఆకుపచ్చ సైకిల్ కోసం పడే తపనే కథ. మరుసటి ఏడాది, 2013లో, ఆడవాళ్లు పార్కుల్లో సైకిల్ తొక్కడానికి షరతులతో ఒప్పుకున్నారు. 2019లో 135 కిలోమీటర్ల స్పోర్ట్స్ బులెవార్డు ప్రకటించారు, 2020లో మొదటి సౌదీ టూర్ పందెం రియాద్ చుట్టుపక్కల జరిగింది. ఇప్పుడు వాదీ హనీఫా లోయ వైపు తెల్లవారుజామున ప్రెస్టా వాల్వుల ఖరీదైన సైకిళ్లు కనిపిస్తాయి. నగరం ఒకటే, వాల్వులు మూడు.

బకాలాలో (కిరాణా కొట్టులో) సరుకు చేరవేసేవాడికి, తోటపనివాడికి, లేబర్ క్యాంపు నుంచి పనిచోటికి పోయేవాడికి సైకిల్ సరదా కాదు. ఉదయం టైరులో గాలి లేకపోతే ఆ రోజు హాజరు పోతుంది. బన్షర్‌లో కారు కంప్రెషరుతో కొట్టించుకోవచ్చు కదా అంటారు. ష్రేడర్ వాల్వుకు అది అందుతుంది. కానీ సైకిల్ ట్యూబులో పట్టేది కొంచెం గాలే. కంప్రెషరు ఒక్క క్షణం ఎక్కువ పట్టుకుంటే ట్యూబు పేలుతుంది. పైగా బన్షర్ క్యాంపు పక్కన ఉండదు. ఆరుగురు కలిసి గదికి ఒక నిలువు పంపు కొనుక్కోవడమే మంచిదని నేను అందరికీ చెబుతాను.

కొనేటప్పుడు లావుపాటి గొట్టం చూసి మోసపోతారు. లావైతే గాలి త్వరగా నిండుతుంది, నిజమే. లోపలి వెడల్పు 30 మిల్లీమీటర్లున్న పంపును 30 సార్లు కొట్టాల్సిన చోట 40 మిల్లీమీటర్లదైతే 17 సార్లు చాలు. కానీ 60 పి.ఎస్.ఐ. దగ్గర మొదటిదాన్ని దించడానికి దాదాపు 30 కిలోల బలం సరిపోతే, రెండోదానికి 53 కిలోలు కావాలి. పనిచేసి అలిసిపోయి వచ్చిన బక్కమనిషి దాన్ని చివరిదాకా దించలేడు. నల్లబండికి, మామూలు బండికి సన్నగొట్టమే మేలు. మౌంటెన్ బైకు లావు టైర్లకు ఒత్తిడి తక్కువ, గాలి ఎక్కువ కాబట్టి వాటికి లావుగొట్టం.

గేజీ ఉంటే మంచిదే, కానీ ఉడ్స్ వాల్వుతో దాన్ని నమ్మకూడదు. ఆ రబ్బరును తోసుకుని పోవడానికే కొంత ఒత్తిడి ఖర్చవుతుంది. గేజీ చూపేది గొట్టంలో ఒత్తిడిని, టైరులోదాన్ని కాదు. మా సైకిల్ టాక్సీ తాత బొటనవేలితో టైరు నొక్కి చెప్పేవాడు, ఉడ్స్ వాల్వుకు ఇప్పటికీ అదే తగిన పద్ధతి. ఎండాకాలంలో ఇంకొక జాగ్రత్త. ఏసీ గదిలో 25 డిగ్రీల దగ్గర 60 పి.ఎస్.ఐ. నింపిన టైరు, బయట ఎండకు లోపలి గాలి వేడెక్కి 55 డిగ్రీలకు చేరితే 67 దాటుతుంది. టైరు అంచుమీద రాసిన పరిమితి దాకా నింపి ఎండలో నిలబెడితే అది పరిమితి దాటుతుంది. అందుకే కొంచెం తగ్గించి కొట్టాలి.

రియాద్ పొడిగాలికి, దుమ్ముకు ముందు చచ్చేవి మూడు. రబ్బరు గొట్టం మూతి దగ్గర పగులుతుంది. ప్లాస్టిక్ అడుగు ఎండకు పెళుసై తొక్కగానే విరుగుతుంది. లోపలి గ్రీజు దుమ్ము పట్టి బంకలా మారి గొట్టాన్ని గీరుతుంది. నేను మొదట కొన్న మెరిసే పంపు పిడి ఒక ఎండాకాలం తిరగకుండానే బిగుసుకుపోయింది. విప్పుదామంటే మూత అంటించేసి ఉంది. అప్పటి నుంచి పైమూత మరతో తిరిగి ఊడుతుందా అని ముందు చూస్తాను. మూత ఊడితే వాషరు మార్చుకోవచ్చు, గొట్టం మార్చుకోవచ్చు. ఊడకపోతే అది ఎంత ఖరీదైనా ఒక్క వేసవి వస్తువే. అడుగు ఇనుముదై ఉండాలి, మూతి ష్రేడర్‌కూ ప్రెస్టాకూ పట్టాలి, ఉడ్స్‌కు వేరే ముక్కు దొరకాలి. ఆ తర్వాత కొట్టువాడి ముందే మూతి మూసి ఒత్తి చూడాలి.

సెలవుకు ఊరికి పోయేవాళ్లకు నేను చెప్పే చిన్న కోరిక ఒకటుంది. సైకిల్ షాపులో నాలుగు తోలు వాషర్లు తెమ్మంటాను. జేబులో పడతాయి, బరువు ఉండదు. వచ్చాక ఒక రాత్రంతా నూనెలో నానబెడతాం. పొద్దున తీసి, అంచును వేళ్లతో మెల్లగా బయటికి విప్పి, గిన్నె బోర్లించినట్టు కడ్డీ చివర బిగించి, అంచు మడతపడకుండా తిప్పుతూ గొట్టంలోకి దించుతాం. మొదటి పది దెబ్బలు బిగుతుగా పడతాయి. తర్వాత తోలు గోడకు అలవాటుపడి, 'ఫుస్' అన్న చప్పుడు పోయి, గాలి టైరులోకి వెళ్తున్న మెత్తని చప్పుడు మొదలవుతుంది.